మామూలు వాడకం

జూన్ 11, మంగళవారం

చిరంజీవి చెల్లికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని మొదలుపెట్టి, అప్పుడే రెండు కాగితాలు చింపేశాను. మీ వదిన నిజంగానే బాగుంది. నేను బాగా లేను. నువ్వు నాకన్నా బాగా లేవని వారం కిందట తెలిసింది. దానికి కారణం నేనేనని కూడా అప్పుడే తెలిసింది. ఆ సంగతి నీకు చెప్పుకోవడానికి కూర్చున్నాను.

ఉత్తరంతో పాటు ఒక అట్టపెట్టె కూడా వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తరవాత పెట్టె విప్పు. నువ్వు ముందు పెట్టే విప్పుతావని నాకు తెలుసు, అయినా చెప్పడం నా వంతు.

చుట్టాలంతా నన్ను చాటుగా ‘చాలన్నయ్య’ అంటారని నాకు తెలియదనుకుంటున్నారు. ఆ బిరుదు ఇచ్చింది నువ్వేనని కూడా తెలుసు. కంప్యూటరు కొనాలంటే మన వాళ్ళలో ఎవరైనా ముందు నా దగ్గరికే వస్తారు. దాంతో ఏం చేస్తారని అడుగుతాను. ఉత్తరాలు రాసుకుంటాం, వార్తలు చదువుకుంటాం, సినిమా చూస్తాం అంటారు. మామూలు వాడకమే కదా, ఉన్నది చాలు పొమ్మంటాను. కొత్త ప్రాసెసర్ రెండింతలు వేగం అని ప్రకటన చూసి ఎగబడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా ఆఫీసులో తొంభై కంప్యూటర్లు నా చేతి కింద ఉన్నాయి. ఏ టైములో చూసినా వాటిలో ఎనభై ప్రాసెసర్లు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే ఉంటాయి. పెదనాన్నగారు పేకాడుకోవడానికి కొత్తది కొంటానంటే గంట సేపు క్లాసు పీకి మాన్పించాను. ఆయన ఇప్పటికీ ఆ పాతదాని మీదే హాయిగా ఓడిపోతున్నారు.

ఇవాళ్టికీ ఆ మాట అబద్ధమని నేననను. పదిమందిలో తొమ్మిదిమందికి ఉన్నది చాలు. ఆ పదో మనిషి నా సొంత చెల్లెలని నా బుర్రకి తట్టలేదు. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

ఫిబ్రవరిలో నువ్వు పెట్టిన మెసేజి నిన్న మళ్ళీ తీసి చదివాను. ఎంత సంబరంగా రాశావు. వినపడని పిల్లల బడి వాళ్ళు నీ సైగలు చూసి ముచ్చటపడ్డారని, దూరాన ఉన్న ఆరుగురు పిల్లలకి ఇంటి నుంచే వీడియోలో పాఠాలు చెప్పమన్నారని, ముందొక క్లాసు పరీక్షగా చూసి, నచ్చితే పని ఇస్తారని రాశావు. పదకొండేళ్ళుగా బైండింగ్ షాపులో పుస్తకాలకి అట్టలు కడుతున్నాను, ఇప్పుడు ఆ పుస్తకాల్లో ఉన్నది చెప్పబోతున్నాను అని రాశావు. చివర్లో అడిగావు: అన్నయ్యా, నువ్విచ్చిన కంప్యూటరు దీనికి సరిపోతుందా, లేక వేగంగా ఉండేది కొత్తది కొనుక్కోనా?

నేనేం జవాబిచ్చానో నీకు గుర్తుండే ఉంటుంది. వీడియోలో మాట్లాడుకోవడం మామూలు వాడకమే, ఉన్నది చాలు, దండగ ఖర్చు పెట్టకు అన్నాను. పైగా నవ్వు బొమ్మ ఒకటి.

నువ్వు ఊరుకోలేదు. స్నేహితురాళ్ళతో కలిసి నలుగురు ఒకేసారి వీడియోలో కూర్చుని చూస్తే చేతులు మధ్యలో ఆగిపోతున్నాయని రాశావు. ఆదివారం మాట్లాడేటప్పుడు నువ్వూ అదే అంటున్నావుగా అన్నయ్యా, బొమ్మ ఆగిపోతోందని, అని కూడా గుర్తు చేశావు. అది నెట్ గొడవ, కంప్యూటరుది కాదని కొట్టిపారేశాను. నువ్వు మూడోసారి అడిగేసరికి, సరే, ఇక్కడి నుంచే పరీక్ష చేసి చెబుతానన్నాను.

ఆ పరీక్ష గురించి రాయాలంటే చెయ్యి కదలడం లేదు. అయినా రాస్తాను.

నీకు వినపడదన్న సంగతి ఈ లోకంలో అందరికన్నా ముందు కనిపెట్టినవాణ్ణి నేను. నీకు ఏడాదిన్నర, నాకు ఏడేళ్ళు. ఆడుకుంటూ నీ వెనక స్టీలు గిన్నె పడేస్తే నువ్వు తిరిగి చూడలేదు. మళ్ళీ పడేశాను. ఏమిట్రా ఆ మోత అని అమ్మ వచ్చి నా వీపు మీద ఒక్కటి వేసింది. నేను ఏడుస్తూ నిన్ను చూపించాను. అప్పుడు అమ్మే ఆ గిన్నె తీసి పడేసింది. ఆ తరవాత మనం ముగ్గురం కూర్చుని ఎన్ని సైగలు కల్పించుకున్నాం! చెవి వెనక పెన్సిలు పెట్టుకు తిరుగుతానని, చెవి వెనక గీకితే నేను అని అర్థం పెట్టావు. ముక్కు పట్టుకుంటే కాకరకాయలాంటి ముక్కున్న మన లెక్కల మాస్టారు.

అలాంటివాణ్ణి, మార్చిలో నీ కంప్యూటరుని పరీక్ష చెయ్యడానికి ఏం చేశానో తెలుసా? బావగారిని దాని ముందు కూర్చోబెట్టి, ఏదైనా మాట్లాడండి అన్నాను. ఆయన పాపం, ఏం మాట్లాడాలో తెలియక, ఆ రోజు కుట్టాల్సిన చొక్కాల కొలతలు గడగడా చదివారు. ప్రతి అంకె స్పష్టంగా వినిపించింది. భేష్, బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఆయన భుజం వెనక నువ్వు నిలబడి చేతులు ఆడిస్తూ ఉన్నావు. నా వేళ్ళు కనిపిస్తున్నాయా అని అడుగుతున్నావని ఇప్పుడు తోస్తోంది. నా కళ్ళు తెర మూలనున్న నెట్ వేగం అంకెల మీద ఉన్నాయి. నీ వైపు చూడకుండానే బొటనవేలు పైకెత్తి చూపించాను. చెవితో పరీక్ష చేశానమ్మా నేను. నీ కంప్యూటరుని చెవితో పరీక్ష చేసి చేతులు దులుపుకున్నాను.

ఏప్రిల్లో క్లాసు జరిగింది. ఎలా అయిందని అడిగితే బాగానే అయింది, వాళ్ళకి వేరే ఎవరో దొరికారు అన్నావు. పోనీలే అన్నాను. పోనీలే అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

పోయిన బుధవారం ఆఫీసు పని మీద మీ ఊరు వచ్చినప్పుడు మీ ఇంటికి వెళ్ళానని బావగారు చెప్పే ఉంటారు. నువ్వు షాపులో ఉన్నావు. ఆయన మిషను ఆపి మంచినీళ్ళిచ్చారు. టేబులు మీద కంప్యూటరు కనిపించలేదు, ఏదని అడిగాను. గుడ్డ కప్పి బీరువా పక్కన పెట్టేశామన్నారు. ఎందుకని రెట్టించి అడిగితే ఆయన కాసేపు కత్తెర అటూ ఇటూ తిప్పి, చివరికి చెప్పారు.

“ఆ క్లాసు అయిన దగ్గర్నుంచి ఇంట్లో కూడా చేతులు ముడుచుకునే ఉంటోంది బావగారూ. నాకేదన్నా చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపిస్తోంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. బడి పెద్ద టీచరుగారు పంపిన చీటీ కూడా ఆయనే చూపించారు. సైగల్లో స్పష్టత లేదు, వేళ్ళు తడబడుతున్నాయి, పిల్లలు అందుకోలేకపోయారు, ఈ పనికి తగరు. అంతే, నాలుగు ముక్కలు. నీ వేళ్ళు తడబడడమా? చిన్నప్పుడు నువ్వు కథ చెబుతుంటే వీధి అరుగు మీద చెవులు వినపడేవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. పాట పాడే మనిషితో నీ గొంతు బాగాలేదు పొమ్మన్నట్టుంది. పైగా నువ్వు ఆ మాట నమ్మేశావు.

పెద్ద టీచరుగారు తన వైపు నుంచి ఆ క్లాసుని రికార్డు చేసి పంపారటగా, నువ్వు చూడనన్నావట. నేను చూశాను. బావగారి ఫోన్లో, ఆ కుట్టుమిషను పక్కనే నిలబడి నలభై నిమిషాలూ చూశాను. ఆరు గడుల్లో ఆరుగురు పిల్లలు, ఏడో గడిలో నువ్వు. నీ చెయ్యి పైకి లేస్తుంది, అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ కనిపించేసరికి వేరే చోట ఉంటుంది. మధ్యలో ఏం చెప్పావో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి వేళ్ళన్నీ కలిసి ఒక మరకలా అయిపోయాయి. కింది వరసలో రెండు జడల పిల్ల ఒకతె, తన తెర మీద ఏదో మురికి ఉందనుకుంది కాబోలు, గౌను అంచుతో తుడిచి తుడిచి చూసింది. ఇంకో పిల్లాడు నీ చెయ్యి ఆగినప్పుడల్లా తన చెయ్యి కూడా గాల్లో ఆపేశాడు, పాఠం అదే అనుకుని. నువ్వు మాత్రం నవ్వు చెదరకుండా, చెప్పిందే మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి చెబుతూ ఉన్నావు. చూడలేకపోయాను. సైగలు తెలిసిన పెద్ద టీచరుగారు కూడా తప్పు నీ వేళ్ళదే అనుకుంది, నా కంప్యూటరు ఆమెకి కనపడదుగా.

అక్కడే ఆ గుడ్డ తీసి దాన్ని నడిపించి చూశాను. ఇది నాకు తెలిసిన విద్యే, తెలిసీ వాడని విద్య. నీ బొమ్మని పంపాలి, ఆరుగురి బొమ్మల్ని విప్పి చూపించాలి, అన్నీ ఒకేసారి. ఆ పాత ప్రాసెసర్‌కి ఆ బరువు మొయ్యడం చేతకాదు. చేతకానప్పుడు ఆ ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, మాట తెగకుండా కాపాడుకుని, బొమ్మని వదిలేస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్ళూ నాలాగా చెవులున్నవాళ్ళే. మనిషి మాట వినపడుతూ ఉంటే మొహం కాసేపు ఆగిపోయినా ఫరవాలేదని వాళ్ళ లెక్క. మాట చేతుల్లో ఉన్నవాళ్ళు వాళ్ళకి గుర్తు రాలేదు. వాళ్ళకి గుర్తు రాకపోవడంలో వింత లేదు. నీతో ఒకే కంచంలో తిన్న నాకు గుర్తు రాలేదు, దానికేమంటావు?

నువ్వు షాపు నుంచి వచ్చేదాకా ఉండమని బావగారు ఎంత చెప్పినా వినకుండా, బస్సు టైమైందని అబద్ధం చెప్పి వచ్చేశాను. నీకు ఏ మొహం పెట్టుకుని ఎదురుపడను?

ఇంటికి వచ్చాక రెండు పనులు చేశాను. ఒకటి, పెద్ద టీచరుగారికి ఉన్నదున్నట్టు రాశాను. తప్పు మా చెల్లెలి వేళ్ళది కాదు, అది చాలదు చాలదంటే చాలు చాలని అంటగట్టిన నాది అని రాశాను. నమ్మదేమోనని ఆ రికార్డులో ఏయే నిమిషం దగ్గర బొమ్మ ఎంత సేపు ఆగిందో కూడా పట్టిక వేసి పంపాను. నిన్న జవాబు వచ్చింది. ఆ కోణంలో ఆలోచించనందుకు తనకే సిగ్గుగా ఉందని, ఇంకా ఎవరినీ తీసుకోలేదని, నువ్వు ఒప్పుకుంటే వచ్చే గురువారం, ఇరవయ్యో తారీకున, ఆ పిల్లలతోనే మళ్ళీ క్లాసు పెడతానని రాసింది. రెండు జడల పిల్ల నిన్ను రెండుసార్లు అడిగిందట.

రెండో పని ఆ పెట్టెలో ఉంది. ఈసారి పరీక్ష ఎలా చేశానో చెబుతాను, నవ్వకు. శనివారం మా ఆఫీసులో ఏడు కంప్యూటర్లు తెరిచి, ఏడు గడులూ నింపి, శబ్దం పూర్తిగా తీసేశాను. మీ వదిన పక్క గదిలో కూర్చుని, నీకు తోచినంత వేగంగా వేళ్ళతో అంకెలు చూపించు అంటే, నలభై అంకెలు చూపించింది. నేను ఇవతల తెర చూస్తూ రాసుకున్నాను. అచ్చంగా నీ దగ్గరున్నదానిలాంటి పాతదాని మీద నలభైలో ఇరవై మూడు పట్టుకోగలిగాను. పెట్టెలో పంపుతున్న కొత్తదాని మీద నలభైకి నలభై. మీ వదినకి వేళ్ళు పీకాయి, ఇంటికొచ్చాక కాఫీ నేనే పెట్టాను. ఆవిడ అంతా అయ్యాక ఒకటే అడిగింది: ఈ పరీక్ష మార్చిలో చెయ్యడానికి మీకేం అడ్డొచ్చింది అని. గ్లాసులు కడగడానికి లేచాను.

చెల్లీ, నీ చేతులు బాగున్నాయి. ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నా మీద ఎంత కోపమైనా పెట్టుకో, ఏడాది మాట్లాడకు, మన చుట్టాలందరికీ చెప్పి నవ్వించు. కానీ ఆ కోపం గురువారం మీద చూపించకు. నా వల్ల నువ్వు బైండింగ్ షాపులోనే ఉండిపోతే, బావగారితో కాగితాల మీద మాట్లాడుకుంటూ ఉంటే, నాకు ఈ జన్మకి మనశ్శాంతి ఉండదు. నా మనశ్శాంతి కోసం కాదనుకో, ఆ పిల్లల కోసం కూర్చో. ఒప్పుకుంటున్నట్టు ఒక్క మాట పెద్ద టీచరుగారికి నువ్వే రాయి. నీ బదులు ఒప్పుకోవడం కూడా నేనే చేసేస్తే, బుద్ధి రానట్టే.

బావగారికి నమస్కారాలు చెప్పు. మీ వదిన నిన్ను మరీ మరీ అడిగింది.

నీ అన్నయ్య

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను. ఇది రాయకపోతే పైన రాసినదంతా సగం నిజమే అవుతుంది.

మార్చిలో నాకేం అడ్డొచ్చిందో మీ వదినకి చెప్పలేదు. నీకు చెబుతాను. ఆదివారాలు నువ్వు వీడియోలో ఫోన్ చేసినప్పుడు, బొమ్మ ఆగిపోయింది, మెసేజి పెట్టు అని రాసేవాణ్ణి చూడు, మూడేళ్ళుగా. నా తెర మీద నీ బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. మనం ఇద్దరమే ఉన్నప్పుడు ఆ పాత కంప్యూటరు శుభ్రంగానే పనిచేసింది. నువ్వు చెప్పేది నాకు అర్థం కాలేదు, అంతే. అమ్మ ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చుని, ఇదిగో ఇలా అంటోందిరా అని అందించేది. నేను సైగలు మర్చిపోతున్నానని నాకే తెలియలేదు. అమ్మ పోయాక తెలిసింది. చెల్లెలి మాట అర్థం కావడం లేదని చెల్లెలికే చెప్పడానికి మొహం చెల్లక, నింద బొమ్మ మీద వేశాను. అందుకే నువ్వు చేతులు ఆగిపోతున్నాయని మొత్తుకుంటే నేను పట్టించుకోలేదు. అది నా అబద్ధమే తిరిగి నా దగ్గరికి వచ్చిందనుకున్నాను. ఆగడం అనేదే లేదని నాకొక్కడికే తెలుసునని ధీమా. బావగారిని మాట్లాడించి పరీక్ష చేసింది కూడా అందుకే. నువ్వు సైగ చేస్తే నాకు తెలియదని బయటపడుతుంది. మీ వదిన చేత అంకెలే చూపించమన్నది కూడా అందుకే.

నిన్న బావగారికి వీడియోలో ఫోన్ చేసి, అర్థం కాలేదు, మళ్ళీ నెమ్మదిగా చెప్పు అనడానికి సైగ ఏమిటని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. నాలుగుసార్లు చేసి చూపించారు. ఆదివారం ఫోన్ చేస్తాను. ఆ ఒక్క సైగే చాలాసార్లు చేస్తాను, విసుక్కోకు.